నడుమ కాలు లేని బెంచీ

విరగ్గొట్టడం ఆమె ఉద్యోగం. చుట్టాల్లో గొప్పగా చెప్పుకోవడానికి వీలుపడని ఉద్యోగమే అది. చిన్నప్పుడు పలక పగిలితే వీపు విమానం మోత మోగిన ఇంట్లో పుట్టి, పెద్దయ్యాక రోజూ ఏదో ఒకటి విరగ్గొట్టి జీతం తీసుకుంటున్న మనిషిని నలుగురిలో ఏమని పరిచయం చేస్తారు? "ఏదో పరిశోధన చేస్తుందిలెండి" అని అక్కడితో సరిపెట్టేవారు. అక్క మొగుడు ఒక్కడే అలా సరిపెట్టలేదు. పరిశోధనాశాలకు వచ్చి, కళ్లారా చూసి, ఆమెకు "విరుపులమ్మ" అని పేరు పెట్టి మరీ వెళ్లాడు.

అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. మెట్ల పక్కన పొడవాటి గది, నేల మీద నల్లటి రబ్బరు చాప, తలుపు చట్రమంత ఎత్తున నిలబడ్డ యంత్రం. యంత్రం మధ్యలో రెండు ఉక్కు కడ్డీలు అడ్డంగా ఉంటాయి. పరీక్షించాల్సిన బద్దని ఆ రెండింటి మీదా వంతెనలా పెట్టాలి. పైనుంచి మూడో కడ్డీ మెల్లగా దిగి బద్ద నడుం మీద నొక్కుతుంది. బద్ద వంగుతుంది, వంగుతుంది, ఒకచోట ఇక నావల్ల కాదంటుంది. ఎంత బరువు దగ్గర ఆ మాట అన్నదో తెర మీద పడుతుంది. ఆ అంకె కోసమే ఇదంతా.

వంగేటప్పుడు పై ముఖం నలుగుతుంది, కింది ముఖం సాగుతుంది. పచ్చి కొమ్మని వంచి చూసిన ఎవరికైనా ఇది తెలుసు, బెరడు చిట్లేది వెలుపలి వైపునే. కాబట్టి చాలా వస్తువులకు చావైనా బతుకైనా కింది ముఖంలోనే ఉంటుంది. ఈ సంగతి ఆమెకు ఎంతగా ఒంటబట్టిందంటే, ఎవరింటికి వెళ్లినా కుర్చీలో కూర్చునే ముందు వంగి కింద చూసేది. "ఏం పోగొట్టుకున్నావమ్మా?" అని ఇంటివాళ్లు కంగారుపడేవారు.

బావకు ఫర్నిచర్ తయారుచేసే షెడ్డు ఉంది. మనిషి భారీగా ఉంటాడు, నవ్వితే షెడ్డు రేకులు అదురుతాయి. మరదల్ని ఏడిపించకుండా ఆయనకు అన్నం సహించదు. ఆయనొకసారి ఏడిపించడం మానేసి, ఎదురుగా కూర్చుని, కావలసింది అడిగాడు.

"మరదలా, ఆసుపత్రివాళ్లు బెంచీలు అడుగుతున్నారు. జనం వేచి ఉండే హాల్లోకి. నలుగురు కూర్చోవాలి, నడుమ కాలు ఉండకూడదు. తుడిచే ఆవిడ కర్ర ఒక్క ఊపున ఈ చివర్నుంచి ఆ చివరికి పోవాలట. చెక్కతో చేస్తే దుంగంత లావు కావాలి. ఇనుము తుప్పు పడుతుంది. మీ జనపనార పలకలు ఉన్నాయిగా, అవి ఆగుతాయా?"

ఆ పలకలంటే ఆమెకు ప్రాణం. జనపనార గుడ్డని పొరలు పొరలుగా రెసిన్ అనే చిక్కటి జిగురులో తడిపి, అద్దంలా మెరిసే స్టీలు పళ్లెం మీద పరిచి, పైన ప్లాస్టిక్ సంచీ కప్పి, లోపలి గాలంతా లాగేసి గట్టిపరుస్తారు. బయటికి తీశాక పళ్లెం తగిలిన ముఖం నున్నగా, మొహం చూసుకోవచ్చన్నట్టు ఉంటుంది. సంచీ తగిలిన ముఖం గరుగ్గా, గుడ్డ నేత అచ్చుపడి, అక్కడక్కడా సూది మొనంత గుంటలతో ఉంటుంది. తేలిక, చవక, పైగా పొలంలో పండేది. దానికి బలం కూడా ఉందని నిరూపించడానికే ఆమె ఇన్నేళ్లుగా బద్దలు విరుస్తోంది.

ఆమె పరీక్షించింది. అంకె బాగా వచ్చింది. దాని మీద లెక్కకట్టి, భద్రత కోసం కొంత వాటా వదిలి, ఇంత మందం పలకైతే నలుగురు నిక్షేపంగా కూర్చోవచ్చని సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టింది. బావ ఆ కాగితాన్ని నెత్తిన పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. హాలు నిండా బెంచీలకు ఆర్డరు తెచ్చుకున్నాడు. మొదటి విడత ఆరు బెంచీలు వెళ్లిపోయాయి. రెండో విడత షెడ్డులో తయారవుతుండగా, చూసి పొమ్మని కబురుపెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె వెళ్లింది. షెడ్డు మధ్యలో కొత్త బెంచీ, రెండు చివర్లా రెండే కాళ్లు, నడుమంతా ఖాళీ. బావ చీపురుకర్ర తీసుకుని బెంచీ కింద ఈ చివర్నుంచి ఆ చివరికి లాగి చూపించాడు. పెళ్లికొడుకును చూపిస్తున్నంత మురిపెం ఆయన మొహంలో.

"కూర్చో విరుపులమ్మా, ఇది మాత్రం నీ చేత విరగదు."

ఆమె అరచేత్తో పలకని నిమిరింది. నున్నగా, చల్లగా ఉంది. అలవాటు ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూసింది.

గరుకు ముఖం. గుడ్డ నేత, సూది మొన గుంటలు, అన్నీ నేల వైపు చూస్తున్నాయి.

ఆమె వేలితో ఒక గుంటని తడిమింది. పరిశోధనాశాలలో బద్దని ఎప్పుడూ నున్నటి ముఖం కిందికి ఉండేలా పెట్టేవారు. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. గరుకు ముఖం కిందికి పెడితే కడ్డీల మీద బద్ద లొటలొటలాడుతుంది, తెర మీద గీత వంకర్లు పోతుంది. అందుకని ఆమెకు ముందు పనిచేసినవాళ్లు నున్నటి వైపు కిందికి పెట్టారు, ఆమెకూ అలాగే నేర్పారు, తన తర్వాత వచ్చినవాళ్లకు ఆమే నేర్పింది. అంటే అన్నేళ్లుగా సాగదీసే పరీక్షంతా మంచి ముఖానికే పెట్టారు. గరుకు ముఖం పైన హాయిగా నలుగుతూ కూర్చుంది.

"బావా, గరుకు వైపు కిందికి పెట్టావేంటి?"

"మరి పైకి పెట్టమంటావా? కూర్చున్నవాళ్ల బట్టలు పోగులు లేస్తే తిట్లు తినేది నేనా, నువ్వా? మంచి మొహం నేలకేసి, గీరుకుపోయే మొహం జనానికి చూపిస్తానా?" అని ఆయన రేకులదిరేలా నవ్వాడు.

ఆ మాటలో తప్పేముంది? ఎవరు చేసినా అలాగే చేస్తారు. ఆమె చేసింది కూడా ఎవరైనా చేసేదే. ఎవరి షెడ్డులో వాళ్లు సవ్యంగానే ఉన్నారు. సర్టిఫికెట్ ఆ షెడ్డు నుంచి ఈ షెడ్డుకు వచ్చేటప్పుడు, ఏ ముఖమని ఒక్కరికీ అడగాలని తట్టలేదు. ఒక పలక ముక్క ఇమ్మని అడిగి, గోనెసంచిలో చుట్టుకుని తెచ్చుకుంది.

మర్నాడు దాన్ని బద్దలుగా కోసి, లొటలొటలాడకుండా కడ్డీల మీద పల్చటి రబ్బరు ముక్కలు వేసి, గరుకు ముఖం కిందికి ఉండేలా పెట్టింది. మూడో కడ్డీ దిగింది. నున్నటి ముఖమైతే చాలాసేపు నోరు మూసుకుని ఉండి చివర్లో ఒక్కసారి ఫెళ్లుమంటుంది. ఇది అలా కాదు. సగం దూరం రాకుండానే చిటుక్కుమంది. మళ్లీ చిటుక్కుమంది. ఒక గుంట దగ్గర మొదలైన గీత పక్క గుంటని వెతుక్కుంటూ పోయింది. బద్ద విరిగేసరికి తెర మీద పడ్డ అంకె పాత అంకెలో ముప్పాతికే ఉంది. ఒకటి కాదు, ఎన్ని బద్దలు పెట్టినా అంతే. నీళ్లలో నానబెట్టి పెడితే ఇంకా తగ్గింది. ఆసుపత్రిలో నేల తుడిచే తడి ఎగిరేది సరిగ్గా ఆ ముఖం మీదకే.

పరిశోధనాశాల పెద్దసారు చాలాసేపు తెర మీది గీతల్ని చూశాడు. చెడ్డమనిషి కాడు, చిరాకుపడ్డాడు అంతే.

"మన అంకె తప్పు కాదమ్మా. ఏ ముఖమని రాయలేదు, అంతేగా. ఒక వాక్యం కలిపి కొత్త సర్టిఫికెట్ పంపిద్దాం. భద్రతకి వాటా వదిలావు కదా, ఈ తేడా అందులో కలిసిపోతుంది."

"ఆ వాటా మనకి తెలీనివాటి కోసం వదిలింది సార్. ఇది తెలిసిపోయింది. తెలిసినదాన్ని కూడా అందులో దాచేస్తే, రేపు తెలీనిది వచ్చినప్పుడు ఏం మిగుల్తుంది?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నడుమ కాలు పెట్టాల్సిందే అంటావు."

"పెట్టాలి. ఊతాల మధ్య దూరం సగమైతే ఇక భయం లేదు."

"మీ బావకి నువ్వే చెప్పుకో. నాకంత ధైర్యం లేదు" అన్నాడు పెద్దసారు. పాత సర్టిఫికెట్ రద్దు చేసే కాగితం మీద మాత్రం వెంటనే సంతకం పెట్టాడు.

నిజానికి ధైర్యం ఆమెకూ లేదు. సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి, పిల్లల చదువుల గురించి, కుళాయి గురించి, ఎండల గురించి మాట్లాడి, ఇక మాట్లాడటానికి ఏమీ మిగలక అసలు సంగతి బయటపెట్టింది. బావ కంచం ముందు కూర్చుని ఉన్నాడు. వింటూ వింటూ చెయ్యి ఆపేశాడు.

"నడుమ కాలు పెట్టమంటావా?"

"పెట్టాలి బావా."

"నడుమ కాలు లేదనే కదా వాళ్లు నాకు ఆర్డరిచ్చింది. కాలు పెడితే అది నా బెంచీ అవుతుందా? రోడ్డు మీద ప్రతివాడూ అమ్మే బెంచీ అవుతుంది." గొంతు పెంచలేదాయన. పెంచినా బాగుండేది. "నీ మాట మీద పోయి నలుగురిలో నిలబడ్డాను. ఏ వైపు పెడతావు బావా అని ఒక్కమాట నన్నడిగావా?"

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. తగిలినచోట పౌరుషం లేచింది. "ఏ వైపు పెట్టి విరిచావని నువ్వడిగావా?"

"విరిచేదానివి నువ్వా, నేనా?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. అంకె తగ్గినందుకు కాదు, సర్టిఫికెట్ పోయినందుకూ కాదు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎంత ఏడిపించినా తనను నొప్పించే మాట పూచికపుల్లంత కూడా అనని మనిషి, తన మొహం చూడకుండా లేచిపోయినందుకు.

అక్క ఇద్దరి మాటలూ వింటూ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడది తక్కువ మాట్లాడే నోరు.

"మీ పంతాలు తర్వాత తీరిగ్గా పట్టండి. పంపిన ఆరు బెంచీల మీద రేపు పొద్దున జనం కూర్చుంటారు. దాని సంగతి చూడండి ముందు."

ఆ మాట పక్కగదిలో బావకూ వినిపించింది. మర్నాడు ఆమె ఆసుపత్రికి చేరేసరికి షెడ్డు వ్యాను గేటు దగ్గర ఉంది. అందులో ఆరు కాళ్లు, కొలతకు కోసి, కొసలకు రబ్బరు తొడిగి ఉన్నాయి. బావ వాటిని భుజానికెత్తుకుని, ఆమె పక్కనుంచే, ఆమె లేనట్టే నడిచి లోపలికి వెళ్లాడు.

ముందు అధికారి గదిలోకి వెళ్లాల్సి వచ్చింది. ఆమె చెప్పవలసింది నీళ్లు నమలకుండా చెప్పింది. అధికారి చివరిదాకా విని బావ వైపు తిరిగాడు. "మంచి పనే, బిగించి వెళ్లండి. మిగతా బెంచీలు మాత్రం మాకొద్దు. నడుమ కాళ్లున్నవే కావాలంటే మాకు వేరేవాళ్లున్నారు." బావ సరేనన్నట్టు తలూపాడు. వాదించలేదు, మరదల్ని చూపించి చేతులు దులుపుకోలేదు. అలా చేసుంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

హాలు కిటకిటలాడుతోంది. గోడకు పేర్లు పిలిచే మైకు, మూల చల్లటి నీళ్ల డబ్బా, ఆరు బెంచీల నిండా జనం. మొదటి బెంచీ మీద ఐదుగురున్నారు. నలుగురి బెంచీ మీద నలుగురే కూర్చుంటారని లెక్క రాసినప్పుడు ఆమె నిజంగానే నమ్మింది.

"దయచేసి కాసేపు లేవండి" అంది. ఎవరూ లేవలేదు. మళ్లీ గట్టిగా అంది.

"విరిగిందా ఏంటి?" అన్నాడు మెడకు పట్టీ కట్టుకున్నాయన.

"లేదండి."

"విరగనిదానికి లేవడమెందుకు? గంటసేపు నిలబడితే దొరికింది ఈ చోటు."

ఆమెకు ముఖాలు, పొరలు, గుంటలు అన్నీ చెప్పాలనిపించింది. చెబితే ఎవరికి కావాలి? "ఇది ఇంత బరువు మోస్తుందని చెప్పింది నేనే. తప్పు చెప్పాను. అందుకని లేవమంటున్నాను" అంది. దాంతో లేచారు, గొణుక్కుంటూ, మూటలూ ఫైళ్లూ ఏరుకుంటూ. ఐదు నిమిషాల్లో గోరంతది కొండంతయి, హాలు ఆ చివరికి చేరేసరికి ఎవరికో బెంచీ విరిగి నడుం పోయిందని కూడా వినిపించింది.

బావ మోకాళ్ల మీద కూర్చుని కాళ్లు బిగిస్తూ పోయాడు. ఆమె పలకని పట్టుకుంది. ఒక్కో మరా తిప్పేటప్పుడు ఆయన ఊపిరి వినిపించేంత దగ్గరగా ఉండి కూడా ఇద్దరి మధ్యా మాట లేదు. ఆరో కాలు కూడా బిగించి ఆయన లేచి నిలబడ్డాడు. "అయింది, కూర్చోండి" అన్నాడు జనంతో.

ఒక్కరూ కూర్చోలేదు. గోడల వెంట నిలబడి బెంచీల వంక అనుమానంగా చూస్తున్నారు. కాళ్లకు కట్లున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, నిలబడలేక గోడకు జారబడ్డవాళ్లు, అందరూ. తప్పు చెప్పానని తన నోటితో తనే అన్న మనిషి మళ్లీ ఒప్పని చెబితే ఎవరు నమ్ముతారు?

ఆమె కూడా నమ్మలేకపోయింది. లెక్క ప్రకారం ఇప్పుడు భయం లేదు. లెక్క ప్రకారం మొన్న కూడా భయం లేదు. కాలు పలకకు సరిగా ఆనిందో లేదో, బరువు పడితే గరుకు ముఖం చిటుక్కుమంటుందో లేదో తన కళ్లతో చూడాలి, తన చెవులతో వినాలి. ఇంకేమీ ఆలోచించలేదు. సంచీ పక్కన పెట్టి, హాలు నేల మీద వెల్లకిలా పడుకుని, మొదటి బెంచీ కిందికి జరిగింది. పలక ఆమె ముక్కుకు జానెడు పైన ఉంది. నేతలో ప్రతి పోగూ కనిపిస్తోంది.

"ఎవరైనా ఒక్కరు కూర్చోండి, నేను చూస్తాను" అంది కిందినుంచి.

ఒక ముసలావిడ గోడ దగ్గర్నుంచి కదిలింది. చేతికర్ర నేలకు తాటిస్తూ వచ్చి, వంగి, బెంచీ కిందికి తొంగిచూసింది. మొహం నిండా ముడతలు, ఒక కంటికి దూది కట్టు.

"నువ్వక్కడే ఉంటావా అమ్మా?"

"ఇక్కడే ఉంటానవ్వా."

ముసలావిడ నిటారుగా నిలబడి గోడల వైపు కేకేసింది. "ఆ పిల్ల కింద పడుకుందర్రా! విరిగేదైతే పడుకుంటుందా? రండి, కూర్చోండి!"

తాను పడుకున్నది విరగదని నమ్మి కాదని, విరుగుతుందేమో చూడటానికని ఆమె చెప్పబోయింది. అప్పటికే ముసలావిడ కూర్చుంది. పక్కన మెడకు పట్టీ ఉన్నాయన వచ్చాడు. పిల్లనెత్తుకున్న తల్లి మూడో చోట కూర్చుంది. ఆమె ఊపిరి బిగబట్టి పోగు పోగునూ చూసింది. ఎక్కడా గీత లేదు, చప్పుడు లేదు. ఎన్నో ఏళ్లుగా అంకెలు రాసింది, ఒక్కటీ ఒక్క మనిషినీ కూర్చోబెట్టినట్టు ఆమె చూసి ఎరగదు. ఇప్పుడు కూర్చుంటున్నారు, ఆమె కింద ఉందని. కళ్లు చెమర్చి, నీళ్లు చెవుల వైపు కారాయి.

ఇంకొక్క చోటు ఖాళీగా ఉంది. నలుగురి బరువు పడకుండా లేవకూడదు. "ఇంకొక్కరు!" అని పిలిచింది. ఎవరూ రాలేదు.

అప్పుడు పక్కనుంచి రంపప్పొట్టు అంటుకున్న చెప్పులు రెండు కనిపించాయి. బెంచీ ముందుకు వచ్చి ఆగాయి. మడమలు వెనక్కి తిరిగాయి. హాల్లో అందరికన్నా బరువైన మనిషి మెల్లగా, తన బరువంతా దించి నాలుగో చోట కూర్చున్నాడు.

పలక వెంట్రుకవాసి వంగింది. అక్కడే ఆగింది.

"మరదలా," అన్నాడు బావ పైనుంచి, "ఏమైనా వినిపించిందా?"

"లేదు బావా."

"సరిగా విను. నేను లేవను."